దంతశిల్పి విమానావతరణ ఘట్టము

ఏ జిగురు విరిగిన రెక్కను అర నిమిషములో అతికించి, అతికించినవాని చూపుడువ్రేలిని మాత్రము మూడు దినముల వరకు విడువదో ఆ శీఘ్రబంధన ద్రవమునకు మొదట జయము పలికి, ఏ బ్యాటరీ ఇంట నిండుగా నుండి మైదానమున రిక్తమగునో ఆ చంచలస్వభావురాలికి దూరము నుండియే నమస్కరించి, ఒకానొక ఆదివారమునాడు, సూర్యుడు ఎదుటి మేడల నీళ్లట్యాంకులకు పైన రెండు మూరల ఎత్తుకు వచ్చిన శుభవేళ, గాలి ఈశాన్యము నుండి గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగమున, అనగా తీగ మీద ఆరవేసిన చేతిరుమాలును సగము మాత్రము లేపగల పరాక్రమముతో వీచుచుండ, మూడంతస్తుల భవనమున రెండవ అంతస్తున, ఎడమ వాటాలోని రెండవ పడకగది యందు జరిగిన యుద్ధసన్నాహమును, అటుపిమ్మట ఊరిచివరి గడ్డిమైదానమున జరిగిన మహాసంగ్రామమును వినిపించెదము. వినువారు కుర్చీలలో గట్టిగా కూర్చుందురు గాక. పడుటకు ఈ కథలో ఇప్పటికే చాలినన్ని యున్నవి.

ఆ గదికి ఏలిక ఒక దంతశిల్పి. దంతవైద్యుడు కాడు, ఆ భేదమును ఆయన యెదుట ఎత్తరాదు. వైద్యుడు రోగి నోటి అచ్చు తీసి పంపగా, మందులషాపు వెనుకనున్న ఇరుకుగదిలో, తెల్లని ప్లాస్టరు దవడల నడుమ దవడవలెనే నోరు బిగించి కూర్చుండి, మైనము కరిగించి, గులాబిరంగు చిగుళ్లను పోతపోసి, వాటి యందు ఒక్కొక్క పంటిని వరుస తప్పకుండ నాటుట ఆయన వృత్తి. ఇరువది రెండేండ్లుగా ఆ మైనమర్దనుడు, ఆ చిగురునిర్మాత, ఆ సహస్రవదన మందహాసకర్త చేసిన పళ్లు ఊరిలో సగము మంది వృద్ధుల నోళ్లలో నున్నవి. వారు ఆయన పళ్లతోనే తిందురు. ఆయన పళ్లతోనే ఆయనను చూచి నవ్వుదురు. లోకమాయనకు పెట్టిన బిరుదము 'పళ్లాయన'.

ఇట్టివానికి ఐదేండ్ల క్రిందట రిమోటుతో బొమ్మవిమానములు ఎగురవేయు పిచ్చి పట్టినది. 'బొమ్మ' అనరాదు, 'నమూనా విమానము' అనవలెను. 'రిమోటు' అనరాదు, 'ట్రాన్స్‌మిటర్' అనవలెను. 'పడిపోయినది' అనరాదు, 'అనుకోని చోట దిగినది' అనవలెను. ఈ మూడు మర్యాదలలో మూడవదే ఆ యింట ఎక్కువగా వాడుకలోనికి వచ్చినది.

పళ్లాయన నిర్మాణమున అసమానుడు. దూదివలె తేలికయైన బాల్సా చెక్కను పళ్లు అరగదీయు ఆకురాయితో అరగదీసి, వెంట్రుకవాసి తేడా లేకుండ ఎముకలను కూర్చి, పైన పలుచని ఎర్రని పొరను ఇస్త్రీపెట్టెతో సాగదీసి అతికించి, ఐదడుగుల రెక్కలు గల విమానమును పదునాలుగు నెలలలో సృష్టించెను. దాని గాజుగూటిలో బొటనవ్రేలంత పైలట్‌ను కూర్చుండబెట్టి, వాని నోట ఆరు పళ్లు కూడ అమర్చెను. ఆ పళ్లను భూతద్దము లేక చూడగల ప్రాణి లేదు. అయినను అమర్చెను. తన పనితనము మీద గర్వము గలవానికి చూచువారు అక్కరలేదు గదా!

నిర్మాణమున ఇంతటివాడు ఎగురవేయుటలో ఎంతటివాడనగా, ఇదివరలో ఆయన కట్టిన విమానములు మూడు. మొదటి దానికి 'గగనకేసరి' అని పేరు పెట్టగా అది గోడౌను రేకుల మీద దిగి అక్కడనే నేటికిని ఎండుచున్నది. రెండవదియగు 'మేఘమర్దని' మేఘమును వదలి సభ్యులు టీ త్రాగు గుడారమును మర్దించినది. మూడవదియగు 'వాయువిజేత' ముక్కు క్రిందికి పెట్టి నిటారుగా భూమిలో దిగబడగా, దానిని పెరికి తీయుటకు ఇద్దరు మనుష్యులు కావలసి వచ్చిరి.

మూడింటి చావునకు కారణము ఒక్కటే. విమానము తన నుండి దూరముగా పోవుచున్నప్పుడు పళ్లాయన మహావీరుడు. అది మరలి తన వైపు వచ్చునప్పుడు, దాని ఎడమ ఆయనకు కుడియగును, దాని కుడి ఆయనకు ఎడమయగును. ఆ ఒక్క మార్పును ఇరువది రెండేండ్లుగా అద్దములో దవడలు చూచిన ఆ బుర్ర పట్టుకొనజాలదు. కుడికి తిప్పవలసినచోట ఎడమకు తిప్పును. తప్పు తెలిసి మరింత గట్టిగా ఎడమకు తిప్పును. అంతలో నేల వచ్చును.

ఇక ఈ నాలుగవ విమానమునకు ఆయన పెట్టిన పేరు 'అపరాజిత'.

ఆ ప్రభాతమున 'అపరాజిత' గదిలో బల్ల మీద రెక్కలు చాచి పడుకొనియుండెను. ఆ గదిలో పడుకొనవలసిన కుమార్తె హాలులో, మడతమంచము మీద, ఒక కాలు మంచము బయట పెట్టుకొని పడుకొనియుండెను. విమానమునకు దుమ్ము పడరాదు, ఎండ తగులరాదు, ఎవరును తాకరాదు. కుమార్తెకు ఇవన్నియు పడవచ్చును. ఆమెకు ఇరువదేండ్లు; కళాశాలలో చివరి సంవత్సరము.

అప్పుడు గది వాకిట ఇల్లాలు ప్రత్యక్షమయ్యెను. ఆమె ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయు ఉద్యోగిని. పదునైదేండ్లుగా మనుష్యుల లోపలి ఎముకలను చూచి చూచి, పైపై వేషములకు మోసపోవు శక్తిని పూర్తిగా కోల్పోయిన సాధ్వి.

"ఏమండీ, పూర్తయిందా?"

"పూర్తయింది."

"పేరేంటి దీనికి?"

"అపరాజిత."

"ఇంకా ఎగరకముందేనా?"

పళ్లాయన మెత్తనిగుడ్డతో రెక్క తుడుచుచు ఆ బాణము తనకు తగులనట్లే నటించెను.

"సరే, ఒక్క మాట వినండి. పిల్ల హాల్లో పడుకోబట్టి మూడేళ్లయింది. ఎవరైనా వస్తే పక్క చుట్టేసి లేవాలి. పక్కింటివాళ్లు వచ్చి టీవీ చూస్తూ కూర్చుంటే అది వంటింట్లో గట్టు మీద పుస్తకం పెట్టుకుని చదువుకుంటోంది. ఇరవై ఏళ్ల పిల్లకి మూసుకోడానికి ఒక తలుపు లేదండీ ఈ ఇంట్లో."

"ఇంకొక్క నెల..."

"ఇంకొక్కటీ లేదు. ఇవాళ ఇది మీ చేత్తో ఎగిరి, మీ చేత్తో దిగితే గది మీదే. నేను మళ్లీ ఎత్తను. మీ చేత్తోనే, గుర్తుపెట్టుకోండి. మా తమ్ముడు దించాడంటే ఒప్పుకోను. దిగలేదో, సాయంత్రానికి గది ఖాళీ అయిపోవాలి. సరేనా?"

అప్పుడా దంతశిల్పి లేచి, వక్షము ఉబ్బించి, ఆకురాయిని గదవలె భుజము మీద నిలిపి, "ఓసి అస్థిపంజరదర్శినీ! ఎవనితో పలుకుచున్నావో ఎరుగుదువా? నేడు నా హస్తద్వయమే ఈ ఎర్రరెక్కల పక్షిరాణిని మబ్బుల మేడలకు పంపి, మరల పూలపాన్పు మీదికి దించునట్లు భూమి మీదికి దించును. అట్లు కాకున్న ఈ గదియేల, ఈ ఇస్త్రీపెట్టెయేల, ఈ బ్రతుకేల!" అని దిక్కులు పగులునట్లు గర్జించెను.

ఇట్లు గర్జింపవలెనని ఆయన మనస్సున నుండెను. నోట వెలువడినది మాత్రము "ఈసారి పడదులే" అను రెండు ముక్కలు.

ఇంతలో క్రింద కారు హారన్ మూడుమారులు మ్రోగెను. ఆ వచ్చినవాడు ఇల్లాలి తమ్ముడు, పళ్లాయనకు బావమరిది, డ్రైవింగ్ స్కూలులో శిక్షకుడు. తన కాళ్ల క్రింద ఒక బ్రేకు, ప్రక్కవాని కాళ్ల క్రింద ఒక బ్రేకు ఉన్న కారులో బ్రతికి బ్రతికి, లోకములో ఎవనికిని తాను లేక ఏదియు చేతకాదను దృఢవిశ్వాసము గలవాడు. బావ పదునాలుగు నెలలు చెక్క చెక్కుచుండగా, ఇతడు కొట్టులో అట్టపెట్టెతో అమ్ము థర్మకోలు విమానము కొని, మొదటి వారమే ఎగురవేసి, రెండవ వారమే దించి, మూడవ వారమునకు ఇతరులకు నేర్పుట మొదలుపెట్టెను. దీనిని పళ్లాయన క్షమింపలేదు, క్షమింపడు కూడ.

"బావా, రెడీయా? సంచీ తెచ్చుకున్నారా, ముక్కలు ఏరుకోడానికి?" అని అతడు మెట్ల మీదనే నవ్వెను.

"నువ్వు నోరు మూసుకుని కారు నడుపు," అనెను పళ్లాయన.

కుమార్తె లేచి, పక్క చుట్టి, జుట్టు ముడివేసికొని, "నాన్నా, రెక్క నేను పట్టుకుంటాలే" అని విడదీసిన రెక్కను తన ఒడిలో అడ్డముగా పెట్టుకొని కారు వెనుకసీటున కూర్చుండెను. మూడు విమానములకును ఆమెయే ఆ విధముగా రెక్క పట్టెను. వచ్చునప్పుడు ఒడిలో సంచి నుండెడిది.

ఊరిచివర గోడౌనుల వెనుక, ఎవ్వరికిని అక్కరలేని గడ్డినేల ఒకటి గలదు. దానికే 'రన్‌వే' అని పేరు. అచ్చట ప్రతి ఆదివారము పదునేడుగురు ప్రౌఢులు టోపీలు ధరించి, నల్లకళ్లద్దములు తగిలించి, జేబులలో స్క్రూడ్రైవరులు దోపుకొని, మెడలు వెనుకకు విరిచి, నోళ్లు తెరచి, ఆకాశమును చూచుచు నిలుతురు. వారిలో ఆరు నెలలుగా ఒక్క విమానమైనను పెట్టె నుండి తీయనివాడు కలడు. విమానమే లేక, ఇతరులకు సలహాలు మాత్రము ఇచ్చుటకు పది మైళ్లు వచ్చువాడు కలడు. మోటారు పెద్దదా, రెక్క పెద్దదా అను వివాదమున రెండు సంవత్సరములుగా ఒకరితో నొకరు మాటాడని మిత్రులిద్దరు కలరు. వీరందరు ఇంట భార్యలు కిరాణా తెమ్మనిన మోకాళ్ల నొప్పులని చెప్పినవారే.

ఆ సేనకు అధిపతి కార్యదర్శి. ఆయన సర్వే శాఖలో ముప్పదేండ్లు పొలముల హద్దులు కొలిచి విశ్రాంతి పొందినవాడు. విశ్రాంతి పొందినది ఆయన మాత్రమే, నడుమునకు తగిలించిన కొలతటేపు కాదు. మైదానమున సున్నముతో నలుబది అడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పుగల పెట్టె గీయించి, విమానమును ఒంటరిగా ఎగురవేయగోరువారందరు అందులోనే దించవలెనని ఆయనయే నిబంధన వ్రాసెను.

"చూడండి పళ్లాయనగారూ," అని ఆయన రిజిస్టరు తెరచెను. "ఇది మీకు మూడో పరీక్ష. రెండుసార్లు పోయింది. ఇవాళ కూడా పోతే ఏడాది దాకా మళ్లీ అడక్కూడదు. ఎగరాలి, మైదానం చుట్టూ రెండు చుట్లు తిరగాలి, గీత లోపల ఆగాలి. మీ బావమరిది చేతిలో ఇంకో ట్రాన్స్‌మిటర్ ఉంటుంది. మీవల్ల కాకపోతే ఆయన స్విచ్ నొక్కి తీసుకుంటాడు. తీసుకున్నాడా, ఫెయిల్."

"తెలుసండీ."

"తెలిసినా చెప్పడం నా ధర్మం. గుడారం వైపు తేకండి. కొత్త గుడారం."

పళ్లాయన రెక్కను బిగించి, బ్యాటరీని తగిలించి, పచ్చికపై మోకరించి, స్టిక్కులు కదిపి రెక్క చివరి రేకులను, తోకను ఒక్కొక్కటిగా పరీక్షించెను. అన్నియు చెప్పినట్లు కదలినవి. ఆయన అరచేతులు మాత్రము చెప్పనిదే చెమర్చినవి. ఆ క్షణమున ఆయనకు గగనము కనబడలేదు, కీర్తి కనబడలేదు; ఇంటి రెండవ పడకగదిలోని బల్ల కనబడెను, దానిపై వరుసగా పేర్చిన ఆకురాళ్లు కనబడెను. పగలంతయు ఇతరుల నోళ్లకు పనిచేసి వచ్చినవానికి, ఎవ్వరు నోరెత్తని చోటు లోకములో అదొక్కటే. ఆ చోటును ఆడపిల్ల నిద్రకు వెల కట్టి సంపాదించినాడని అప్పటికిని ఆయనకు తోచలేదు. వీరులకు ఇట్టివి ఆలస్యముగా తోచును.

మోటారు తేనెటీగల పట్టువలె ఝుమ్మనెను. 'అపరాజిత' గడ్డిని చీల్చుకొని, ముప్పది అడుగులు పరుగెత్తి, ముక్కెత్తి, గాలికెదురుగా, బాకువలె లేచెను. పదునేడు మెడలు ఒక్కమారుగా వెనుకకు వంగెను. నిజము దాచరాదు: అంత అందముగా అంతవరకు ఆ మైదానమున ఏ విమానమును లేవలేదు. ఎర్రని పొర గుండ ఎండ పారి, లోపలి ఎముకలు ఒక్కొక్కటి కనబడెను. సలహాలవాడు సైతము క్షణకాలము నోరు మూసెను.

"పోనీ, పోనీ, బాగుంది బావా," అనెను బావమరిది, బొటనవ్రేలు స్విచ్ మీదనే యుంచి.

దూరముగా పోవునంతవరకు పళ్లాయన దొర. మొదటి మలుపు త్రిప్పెను. విమానము మరలి తన వైపు రాజొచ్చెను. ఇక్కడ ఆ వీరుడు పన్నిన వ్యూహము వినదగినది: స్టిక్కును ముట్టనే లేదు! విమానము మొగము తన వైపు ఉన్నంతసేపు ఊపిరి బిగబట్టి, వేళ్లు గాలిలో నిలిపి, శిల్పమువలె నిలిచెను. పదునాలుగు నెలల పనితనము వృథా పోలేదు. ఆయన ఏమియు చేయకున్నందున విమానము తిన్నగా వచ్చి, తిన్నగా పోయెను. మొదటి చుట్టు పూర్తయ్యెను. ఏమియు చేయక సాధించిన ఆ జయమునకు మీసము లేకున్నను పెదవి పైభాగమును దువ్వుకొనెను.

రెండవ చుట్టున గాలి మారినది.

ఈశాన్యమున చేతిరుమాలును సగమే లేపిన ఆ గాలి, గోడౌను మూల నుండి ఒక్కమారు విసిరికొట్టి, ఎదురుగా వచ్చుచున్న 'అపరాజిత' రెక్కను వంచెను. విమానము ఒరిగి, సరిగా కొత్తగుడారమును గురిచూచి దిగజొచ్చెను. పళ్లాయన స్టిక్కు త్రిప్పెను. మరింత ఒరిగెను. మరింత గట్టిగా త్రిప్పెను. మూడంతస్తుల ఎత్తున నున్నది రెండంతస్తులకు, రెండంతస్తులది ఒకటిన్నరకు వచ్చెను. మోటారు రొద పెరుగుచుండెను. మహారథులు, సలహాదారులు, రెండేండ్లుగా మాటలు లేని మిత్రులిద్దరు, అందరు ఒక్క బల్ల క్రింద దూరిరి. ఆ మిత్రులు ఒకరినొకరు పట్టుకొని "జరగండి, జరగండి" అని మాటాడుకొనిరి కూడ.

"బావా, ఇచ్చెయ్! నొక్కేస్తున్నా!"

"నొక్కకు!"

"పోతుంది బావా! పద్నాలుగు నెలల పని!"

"నొక్కావంటే చంపేస్తా!"

ఆ సమయమున వెనుక నుండి, సంచి పట్టుకొని నిలిచిన కుమార్తె గొంతు వినబడెను. అరుపు కాదు, ప్రక్కగదిలో నున్నవానిని పిలిచినట్లు స్పష్టమైన గొంతు.

"నాన్నా, వెనక్కి తిరుగు."

"ఏంటి?"

"దానికి వీపు పెట్టు. భుజం మీంచి చూడు. అది ఎటు పోతోందో నువ్వూ అటే నిలబడితే కుడి కుడే అవుతుంది!"

ఇచ్చట కథకుడు ఒక్క క్షణము ఆగక తప్పదు. ఏ యుగమునందైనను, ఏ సంగ్రామమునందైనను, వచ్చుచున్న శత్రువునకు వెన్ను చూపిన వీరుడు వీరుడు కాడు. ఎదురొడ్డి పడినవానికి కీర్తి యుండును. వెన్ను చూపి బ్రతికినవానికి నవ్వు మాత్రమే మిగులును. బావమరిది చూచుచుండెను. కార్యదర్శి చూచుచుండెను. బల్ల క్రింద నుండి పదునైదు జతల కన్నులు చూచుచుండెను. వీరందరి నోళ్లకు మున్ముందు తానే పళ్లు చేయవలసియుండును.

పళ్లాయన వెన్ను చూపెను.

గిరుక్కున మరలి, విమానమునకు వీపు పెట్టి, గడ్డమును భుజము మీద ఆనించి, ఒక కన్ను మూసి, చెవి ప్రక్కగా ఆకాశమును చూచెను. తక్షణమే లోకము సర్దుకొనెను. కుడి కుడియయ్యెను, ఎడమ ఎడమయయ్యెను. ఐదేండ్లుగా తలక్రిందులుగా నిలిచిన సృష్టి నిలువుగా నిలిచెను. స్టిక్కును చిటికెడు కదిపెను. 'అపరాజిత' రెక్కలు సరిచేసికొని, గుడారము త్రాటిని జానెడు దూరమున తప్పించి, పెట్టె వైపు మొగమయ్యెను.

ఆయన చూచుటకు మాత్రము మెడ పట్టుకున్న కొంగవలె నుండెను. ఎవరును నవ్వలేదు, తీరిక లేదు.

"మోటార్ తగ్గించు బావా, తగ్గించు," అనెను బావమరిది. అంతవరకు ఎగతాళి తప్ప ఎరుగని ఆ గొంతున వేరొకటి వినబడినది. ఆతని బొటనవ్రేలు స్విచ్ మీద నుండి జారిపోయినది.

మోటారు తగ్గెను. విమానము తల మీదుగా గాలి కోసికొనుచు పోయి, మొదట గీతకు నాలుగడుగుల బయట నేలను తాకి, కప్పవలె ఎగిరి, రెండవమారు తాకి, ప్రొపెల్లరును పుటుక్కున విరుచుకొని, ముందుచక్రము ఒక దారిని, తాను ఒక దారిని పోయి, కడుపు మీద జారి, అర చుట్టు తిరిగి, ఆగెను.

చక్రము మాత్రము మరికొంత దూరము దొరలి పడిపోయెను.

కార్యదర్శి టేపు దూయుచు నడచెను. వీరులందరు బల్ల క్రింద నుండి ఒక్కొక్కరుగా బయటపడి, మోకాళ్లు దులుపుకొని, ఆయన వెనుక నిలిచిరి. ఆయన వంగి, కళ్లద్దములను నొసటి మీదికి త్రోసి, చాలసేపు చూచెను.

"ముక్కు బయట. ఒళ్లు బయట. తోక బయట," అనెను.

"అయితే ఫెయిలేగా," అనెను సలహాలవాడు సంతోషముగా.

"ఆగండి. ఎడమ రెక్క చివర లోపల." టేపు పరచెను. "నాలుగంగుళాలు... నాలుగుంపావు."

"విమానం మొత్తం బయటుంటే నాలుగంగుళాలేంటండీ!"

"రూలేమంటోంది? 'విమానము గీత లోపల ఆగవలెను.' విమానం మొత్తం అని ఉందా?"

"లేదు కానీ..."

"ఎవరు రాశారు ఆ రూలు?"

"మీరే."

"నేను తప్పు రాస్తానా?"

ముప్పదేండ్లు హద్దులు కొలిచినవాని ముందు ఎవరు నోరెత్తుదురు? పళ్లాయన పనితనమును గాక, తన వాక్యమును కాపాడుకొనుటకు ఆయన రిజిస్టరులో 'పాస్' అని వ్రాసెను. వ్రాసి, కలమునకు మూత పెట్టుచు, "పైలట్ రన్‌వే వైపు తిరిగి నిలబడాలని కూడా ఎక్కడా లేదు. వచ్చే నెల నుంచి ఉంటుంది," అనెను.

తిరుగుప్రయాణమున బావమరిది కారు నడుపుచు, "ఏమే, నీకెలా తెలుసు అది?" అని అద్దములో మేనకోడలిని అడిగెను.

"నువ్వే కదా మామయ్యా చెప్పింది. కారు రివర్స్‌లో అద్దం నమ్మొద్దు, తిరిగి చూడమని."

"అది కారు కదే!"

"మూడుసార్లు చూశాను. ఎప్పుడు పడినా నాన్న వైపు వస్తూనే పడింది."

పళ్లాయన ముందుసీటున, కిటికీ బయటకు చూచుచు, విజయగర్వమున ఇదంతయు తన స్వంతబుద్ధి యని నమ్ముటకు ప్రయత్నించుచుండెను.

ఇంట ఇల్లాలు తలుపు తీసి, భర్తను అడుగలేదు, తమ్ముని అడిగెను.

"ఎవరు దించార్రా?"

"బావే అక్కా. నేను ముట్టుకోలేదు. ఒట్టు."

ఆమె క్షణకాలము ఎక్స్‌రే చూచినట్లు ఇద్దరిని చూచి, "సరే, గది మీదే," అని లోపలికి పోయెను. ఆడిన మాట తప్పు వంశము కాదు.

విజేత గదిలో ప్రవేశించి, విరిగిన ప్రొపెల్లరును బల్ల మీద నుంచి, తన సామ్రాజ్యమును కలయజూచెను. అదే బల్ల; అవే ఆకురాళ్లు. అంతలో వంటింటి నుండి తల్లి గొంతు తగ్గించి పలుకుట, పలుచని గోడ గుండ వినబడెను.

"పిచ్చిదానా, నోరు మూసుకుని ఉంటే సాయంత్రానికి గది నీదయ్యేది కదే. నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి?"

"పడిపోతుంటే ఎలా చూడమంటావమ్మా. నాన్న చేతులు వణుకుతున్నాయి."

దంతశిల్పి విరిగిన ప్రొపెల్లరును తీసి, మరల అక్కడనే పెట్టెను. నలుబదియారేండ్ల జీవితమున ఆయనకు తగిలిన గాయములలో, కార్యదర్శి వ్రాసిన రెండు ఫెయిలులతో కలుపుకొని, ఇంత లోతుగా దిగినది లేదు. నాలుగుంపావు అంగుళముల రెక్కతో తాను గెలిచినదేమిటో, ఆ పిల్ల ఎరిగియుండి విడిచినదేమిటో అప్పటికి ఆయన తలకెక్కెను. వీరుని ముఖము విమానము వలె ఎర్రనయ్యెను. తరువాత హాలులోనికి వచ్చి, గొంతు సవరించుకొని, మహాదానమునకు తగిన భంగిమలో ఒక చేయి ఎత్తి, "అమ్మా! గెలిచినవాడు ఇచ్చేదే దానం. ఓడిపోయి వదిలేస్తే అది దానం కాదు. కాబట్టి విజేతగా, నా స్వహస్తాలతో..." అని ప్రారంభించెను.

"నాన్నా, మామూలుగా చెప్పు."

చేయి దిగెను. "గది నువ్వు తీసుకో."

"మొత్తమా?"

"కిటికీ దగ్గర బల్ల ఉండనీ."

"నాన్నా."

"సరే, బల్ల బాల్కనీలో పెట్టుకుంటా. అలమర?"

"నాన్నా!"

"అలమరలో పై అర. ఒక్క అర. నీకెలాగూ అందదు."

కుమార్తె ఆలోచించెను. రాజులు సంధిపత్రముల మీద ఇంతసేపు ఆలోచించి యుండరు. "పై అర సరే. కానీ ఎప్పుడైనా సరే తలుపు తట్టి రావాలి."

"మన ఇంట్లో మనకి తట్టడమేంటే?"

"తట్టాలి."

"...తడతాలే."

ఆ సాయంకాలము ఐదు గంటలకు బల్ల బాల్కనీకి పోయెను, మడతమంచము గదికి పోయెను. అందులో సలహా లేకుండ బరువు మోసినవాడు బావమరిది, మొట్టమొదటిసారి. ఐదడుగుల రెక్క మూడడుగుల అరలో పట్టదని తెలిసి, 'అపరాజిత' అస్థికలు ఎట్లు సర్దవలెనో తెలియక తికమకపడుచు, దంతశిల్పి, గగనవిజేత, గుడారరక్షకుడు, వెన్ను చూపి గెలిచినవారిలో ప్రథముడు, తోకను చంకన పెట్టుకొని, తానే పాలించిన రెండవ పడకగది ముందు నిలిచెను. తలుపు మూసియుండెను. మూడేండ్లలో అది లోపలి నుండి గడియ పడుట అదే మొదలు.

వ్రేలి కణుపుతో రెండుమారులు తట్టెను.

"ఎవరు?"

"నేనే. రావచ్చా?"

"ఒక్క నిమిషం నాన్నా!"

వినువారలారా, లోకమున ఎన్నియో జయములు చాటబడినవి. దీనిని కూడ చాటుదుము గాక. ఆ వీరుడు గొణగలేదు, గడియ కదపలేదు, మరల తట్టలేదు. విమానము తోకను చంకన పెట్టుకొని, తన యింటిలో, మూసిన తలుపు ముందు, ఆ ఒక్క నిమిషమును పూర్తిగా నిలబడెను.